పొలమును చూచుట, పనివానిని చూచుట

పాఠ్యభాగములు: రూతు 2:1–16, మత్తయి 6:25–30, లేవీయకాండము 19:9–10

సూరత్ నగరమున గోడాదరా అను పేట గలదు. దాని పరిసరములలో మరమగ్గములపై పనిచేయు తెలుగు కుటుంబములు నివసించుచున్నవి. వీరిలో పలువురి పెద్దలు తెలంగాణలోని నేతపల్లెలనుండి బ్రతుకుతెరువు వెదకుకొనుచు వచ్చినవారు. అచ్చటి సహోదరులతో వాక్యధ్యానము జరుపుటకు వెళ్లియున్నప్పుడు, ఒక సెలవుదినమున మేము రైలెక్కి, సుమారు 130 కిలోమీటర్ల దూరముననున్న వడోదరకు పోయి, సయాజీబాగ్ తోటలోని చిత్రశాలను చూచితిమి.

ఆ చిత్రశాలను కట్టించినవారు మహారాజా మూడవ సయాజీరావు గాయక్వాడ్. 1908లో ఆరంభమైన కట్టడము 1914లో ముగిసినది. అయితే మొదటి ప్రపంచయుద్ధము వలన ఐరోపానుండి పటములు వచ్చుట ఆలస్యమై, 1921లో గాని అది ప్రజలకు తెరువబడలేదు. పటములను ఎన్నుకొనుటలో మహారాజునకు ఇంగ్లీషు కళావిమర్శకుడు మేరియన్ స్పీల్మన్ తోడ్పడెను.

పందొమ్మిదవ శతాబ్దపు పల్లెదృశ్యముల యెదుట మేము నిలిచితిమి. పెద్ద వృక్షములు, నీటి మడుగు, విశాలమైన ఆకాశము. నేను వాటి అందమును వివరించుచుండగా, మగ్గముపై పనిచేయు యౌవనస్థుడొకడు మెల్లగా, "అయ్యగారూ, పొలం మంచిగున్నది. పని చేసేటోళ్లే కనబడ్తలేరు" అనెను. నాకు వెంటనే ఉత్తరము దొరకలేదు. ఈ పాఠము ఆ మాటనుండి పుట్టినది.

1. నిలిచి చూచుట

మొదట ఆ చిత్రకారులకు చెల్లవలసిన ఘనతను చెల్లింతము. ఇంగ్లాండు చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్ 1821, 1822 సంవత్సరములలో లండను దగ్గరి హాంప్‌స్టెడ్ గుట్టపై నిలిచి మేఘములను మాత్రమే పదేపదే చిత్రించెను. అనేక పటముల వెనుక తేదీని, గడియను, గాలి తీరును వ్రాసియుంచెను. ఒక మేఘము మరియొక మేఘమువంటిది కాదని అతడెరుగును.

అడవి పువ్వులను గూర్చి ప్రభువు చెప్పిన మాటలో మత్తయి వాడిన గ్రీకు క్రియ కతమంథానో. బాగుగా నేర్చుకొనుట, శ్రద్ధతో పరిశీలించి గ్రహించుట అని దాని భావము. దారిన పోవుచు ఒకసారి కన్నెత్తి చూచుట ఆ మాటకు చాలదు. కాబట్టి సృష్టియెదుట నిదానముగా నిలుచుట సోమరితనము కాదు; అది ప్రభువు నేర్పిన అభ్యాసమే.

2. అందము మరుగుచేయునది

అయినను ఆ యౌవనస్థుని మాటలో సత్యమున్నది. ఐరోపాలో పొగగొట్టముల పట్టణములు పెరుగుచున్న ఆ కాలములోనే పల్లెదృశ్యములకు ఆదరణ హెచ్చినది. పట్టణపు ధనికుని గోడమీద పొలము నెమ్మదిగా కనబడినది.

కాన్‌స్టేబుల్ 1821లో చిత్రించిన ప్రసిద్ధమైన గడ్డిబండి పటము లండను నేషనల్ గ్యాలరీలో నున్నది. బండి నీటిలో నిలిచియున్నది. గడ్డికోయువారు మాత్రము దూరపు పచ్చికబయలులో చిన్న చుక్కలవలె కనబడుదురు. ఆ చుక్కల బ్రతుకు నెమ్మదిగా లేదు. 1830లో దక్షిణ, తూర్పు ఇంగ్లాండు కూలీలు తక్కువ కూలికిని, తమ పని తీసివేయుచున్న నూర్పిడి యంత్రములకును విరోధముగా లేచి, యంత్రములను విరుగగొట్టి, గడ్డివాములకు నిప్పుపెట్టిరి. అందమైన దృశ్యము అబద్ధము కాకపోవచ్చును. గాని అది సత్యమంతయు కాదు.

3. అడిగి తెలిసికొనువాడు

సాయంకాలము గోడాదరాకు తిరిగివచ్చి, ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే గీసిన "పరిగె ఏరుకొను స్త్రీలు" అను పటపు అచ్చుప్రతిని వారి ముందు ఉంచితిని. మూలపటము పారిస్ నగరములోని ఓర్సే మ్యూజియములో నున్నది. మిల్లే నార్మండీ రైతు కుటుంబములో పుట్టినవాడు. 1857లో ఈ పటము ప్రదర్శింపబడినప్పుడు కొందరు విమర్శకులు నొచ్చుకొనిరి; పేదవారిని అంత పెద్దగా, అంత ఘనముగా చూపుట వారికి బెదిరింపువలె తోచినది. ముందు ముగ్గురు స్త్రీలు వంగి వెన్నులు ఏరుకొనుచున్నారు. వెనుక, కుడిప్రక్కను, గుఱ్ఱముమీద ఒక పైవిచారణకర్త మిగుల చిన్నగా కనబడును.

ఇప్పుడు రూతు గ్రంథము తెరువుడి. బోయజును పొలము గలవాడే. అతనికిని పనివారిపై నియమింపబడిన ఒక పనివాడుండెను. అయితే బోయజు పొలమునకు రాగానే కోతవారిని దీవించుచు పలుకరించెను (2:4). పరిగె ఏరుకొనుచున్న స్త్రీ ఎవరి సంబంధియో విచారించెను (2:5). పిమ్మట ఆమెతోనే మాటలాడి, కుమార్తెగా సంబోధించెను (2:8). భోజనవేళ ఆమెను తమతో కూర్చుండబెట్టెను (2:14). ఆమెకొరకు పిడికెళ్లు విడిచిపెట్టుమని పనివారికి ఆజ్ఞాపించెను (2:16). పొలపు ఓరలు పేదలకు విడువవలెనను ధర్మశాస్త్రవిధి అప్పటికే యున్నది. బోయజు ఆ విధిని నెరవేర్చి, దానిని మించిపోయెను. ఏలయనగా అతడు మనిషిని చూచెను.

ఇచ్చట నా తప్పును ఒప్పుకొనవలెను. ఆ ఉదయమున ఆ యౌవనస్థుని యింట ఒక చీరను చేతపట్టి దాని నేతను మెచ్చుకొంటిని. అతడు రాత్రి షిఫ్టు ముగించుకొని, నిద్రలేకయే మాతో బయలుదేరినవాడని తిరుగు రైలులో గాని నాకు తెలియలేదు. వస్త్రమును చూచితిని, నేసినవానిని చూడలేదు. చిత్రశాలలో అతడు పొలమును గూర్చి అడిగినది నా చూపును గూర్చియు అడిగినట్లాయెను.

ప్రియ చదువరులారా, అవకాశము దొరికినప్పుడు చిత్రశాలలకు తప్పక వెళ్లుడి. ప్రతి పటమును రెండుమారులు చూడుడి: మొదట చేసిన దేవుని స్తుతించుచు, పిమ్మట అందులోని చిన్న చుక్కలను వెదకుచు. ఆ చూపుతోనే మన వీధికి తిరిగివత్తము. మన దేవుడు పువ్వులను అలంకరించువాడు. పరిగె ఏరుకొను పరదేశురాలిని మరువనివాడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఈ వారములో దేని యెదుటనైనను నిదానముగా నిలిచి చూచితిమా?
2. మనము ధరించు వస్త్రము, తిను అన్నము వెనుకనున్న పనివారిలో ఎవరి పేరైనను మనకు తెలియునా?
3. మన సంఘములో రాత్రి పనిచేసి ఆరాధనకు వచ్చువారిని ఎవరు పలుకరించుచున్నారు?