చింతను ఏమి చేయాలి?
(ఇంటి తలుపులు మూసుకొన్న దినాలు నేర్పిన పాఠము)



2020 మార్చి 22వ తేదీ ఆదివారము జనతా కర్ఫ్యూ జరిగింది. మూడు దినాల తరువాత, మార్చి 25 నుండి, 21 దినాలపాటు ఎవరూ ఇల్లు కదలరాదని దేశమంతటా లాక్‌డౌన్ విధించారు. ఆ 21 దినాలు పొడిగిస్తూ పొడిగిస్తూ మే 31 వరకు సాగాయి. ఆ ఏడు ఏప్రిల్ 10న మంచి శుక్రవారము, 12న ఈస్టరు పండుగ వచ్చాయి. మన మందిరాల తలుపులు మూసే ఉన్నాయి. 2021 వేసవిలో రెండవసారి వ్యాధి ఉద్ధృతమైనప్పుడు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర ప్రభుత్వాలు మళ్ళీ కట్టడి చేశాయి. చివరకు 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించింది.

వ్యాధి తగ్గింది గదా, ఇప్పుడు ఈ పాఠము ఎందుకని మీరు అడుగవచ్చు. ఆ దినాలలో ఇంటిలోనికి వచ్చిన భయము, దిగులు కొన్ని కుటుంబాలలో ఇంకా బయటికి పోలేదు. పైగా చింత పుట్టడానికి మహమ్మారే రానక్కరలేదు. ఉద్యోగము పోయినా, పంట పోయినా, జబ్బు చేసినా అదే చింత మళ్ళీ వస్తుంది. కనుక ఆ దినాల అనుభవమును ముందు పెట్టుకొని మూడు సంగతులు నేర్చుకొందాము.

1. చింత మన శరీరములోను మనస్సులోను ఎలా పనిచేస్తుంది?
2. ఇంటిలో మనము చేసుకొనగలిగినది ఏమిటి?
3. ఎప్పుడు వైద్యుని దగ్గరకు వెళ్ళాలి?

ఆ దినాలలో మనకు కలిగిన చింతలు

మొదటిది జీవనాధారము. షోలాపూర్‌లో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. దినకూలీకి, ఆటో నడిపేవారికి, ఇళ్లలో పనిచేసే అక్కలకు, చెల్లెళ్లకు ఒక్కసారిగా రాబడి నిలిచిపోయింది. ఇంటి అద్దె మాత్రము నిలువలేదు.

రెండవది దూరము. మనము తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన వారమైనా, మనలో అనేకులకు అమ్మమ్మ, మేనమామ, పెద్దనాన్న ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉన్నారు. రాష్ట్ర సరిహద్దులు మూసివేసినప్పుడు రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి చేరే ఊరు పరదేశమంత దూరమైపోయింది. యానాం వారికి నాలుగు ప్రక్కలా ఆంధ్రప్రదేశే. చుట్టాలింటికి పోవాలన్నా రాష్ట్రపు హద్దు దాటవలసినదే.

మూడవది పిల్లల చదువు. తమిళనాడులో పదవ తరగతి పరీక్షలు రద్దు చేస్తున్నామని 2020 జూన్ 9న ప్రకటించారు. కర్ణాటకలో అవే పరీక్షలు జూన్ 25 నుండి జరిపారు. పరీక్ష ఉన్నచోట వ్యాధి భయము, లేనిచోట మార్కుల భయము. ఏ తల్లిదండ్రులకూ నిద్ర లేదు.

నాలుగవది ఇంటి లోపలి బరువు. అందరూ ఇంటిలోనే ఉంటే స్త్రీలకు వంట, అంట్లు, విసుగు అన్నీ రెండింతలైనాయి. కొన్ని ఇళ్లలో మాటలు దెబ్బల వరకు వెళ్ళాయి.

ఇది మన ఒక్కరి అనుభవము కాదు. మహమ్మారి వచ్చిన మొదటి సంవత్సరములో లోకమంతటా ఆందోళన, కుంగుబాటు అనే వ్యాధులు నూటికి 25 వంతులు పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో తెలిపింది.

చింత శరీరములో ఏమి చేస్తుంది?

ఎదురుగా పాము కనబడితే గుండె వేగముగా కొట్టుకొంటుంది, అరచేతులు చెమరుస్తాయి, కాళ్లు పరుగెత్తడానికి సిద్ధపడతాయి. మన శరీరములో ఉన్న ఏర్పాటే అది. అపాయము కనబడగానే అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాయనాలు రక్తములోనికి వస్తాయి. పాము పోగానే అన్నీ సర్దుకొంటాయి.

చింత అలాటిది కాదు. రేపటి అద్దె, ఎల్లుండి పరీక్ష, ఎప్పుడో రాబోయే జబ్బు, వీటిని తలంచుకొన్నా శరీరము పామును చూచినట్లే సిద్ధపడుతుంది. కాని ఈ పాము పోదు. అందుచేత గుండె దడ, తలనొప్పి, కడుపులో త్రిప్పడము, మెడనొప్పి, చిరాకు, నిద్రలేమి పట్టుకొంటాయి. చాలామంది తమకు గుండెజబ్బు వచ్చిందని భయపడి ఇంకా దిగులు పెట్టుకొంటారు. చింత చితితో సమానమని మన పెద్దలు ఊరకే అనలేదు. (అయితే గుండెనొప్పిని చింత అని మనమే తీర్మానించుకొనకూడదు. ముందుగా వైద్యునికి చూపించాలి.)

చింతపడితే విశ్వాసము లేనట్లా?

మన సంఘాలలో అనేకులు తమ దిగులును దాచుకొనడానికి కారణము ఈ ప్రశ్నే. "ప్రార్థన చేసేవానికి దిగులేమిటి?" అంటారేమోనని నోరు విప్పరు. ఇట్టి వారు ఏలీయా చరిత్రను శ్రద్ధగా చదవాలి (1 రాజులు 19వ అధ్యాయము). కర్మెలు పర్వతము మీద అంతటి కార్యము చూచిన ప్రవక్త, ఆ వెంటనే అరణ్యములోనికి పారిపోయి, బదరీవృక్షము క్రింద కూర్చొని చావు కోరుకొన్నాడు. అప్పుడు దేవుడు అతనిని గద్దించలేదు. అతడు నిద్రపోయాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్ళీ పండుకొన్నాడు. రెండవసారి కూడా లేపి తినిపించాడు. ప్రశ్నలు, అప్పగింపులు అన్నీ ఆ తరువాతనే.

ఇందులో వరుసను గమనించండి. ముందు నిద్ర, ఆహారము, ప్రక్కన ఒకరు. బోధ తరువాత. దిగులుతో ఉన్నవాని ఇంటికి వెళ్ళేటప్పుడు మనము కూడా ఈ వరుసనే పాటించాలి.

చింతను విడగొట్టడము

చింత ముద్దగా ఉన్నప్పుడు కొండంత కనబడుతుంది. ఒక కాగితము తీసుకొని మధ్యలో గీత గీయండి. ఎడమ ప్రక్కన "ఈ వారము నా చేతిలో ఉన్నవి", కుడి ప్రక్కన "నా చేతిలో లేనివి" అని వ్రాయండి. ఉదాహరణకు, లాక్‌డౌన్‌లో పని పోయిన ఒక తండ్రి ఇలా వ్రాసి ఉండవచ్చు. ఎడమ ప్రక్కన: ఇంటి యజమానిని కలిసి గడువు అడుగుట, రేషను కార్డు సంగతి చూచుట, తమ్మునికి ఫోను చేయుట. కుడి ప్రక్కన: మిల్లు ఎప్పుడు తెరుస్తారు, వ్యాధి ఎప్పుడు పోతుంది.

ఎడమ ప్రక్క వాటిలో ఒక్కటి, అన్నిటికంటె చిన్నది, ఈ దినమే చేయండి. కుడి ప్రక్క వాటికి సాయంకాలము ఒక పావుగంట కేటాయించండి. రాత్రి పండుకొన్నప్పుడు అవి తలుపు తడితే "రేపు సాయంకాలము చూద్దాము" అని పంపివేయండి. మొదటి రెండు మూడు దినాలు మనస్సు వినదు. అలవాటుమీద వింటుంది. భక్తిపరులు ఆ పావుగంటనే ప్రార్థన సమయముగా చేసుకొంటే మరీ మంచిది.

దినచర్య

బడిలో గంట లేకపోతే పిల్లలు ఎలా ఉంటారో, వేళాపాళా లేని ఇంటిలో మనస్సు అలా ఉంటుంది. అందుచేత ఇవి పాటించాలి.

(అ) పని ఉన్నా లేకపోయినా ఒకే వేళకు లేవడము, స్నానము, భోజనము, నిద్ర.
(ఆ) దినమునకు అరగంట నడక. లాక్‌డౌన్‌లో డాబా మీదనో వరండాలోనో నడిచినవారికి నిద్ర బాగా పట్టింది.
(ఇ) వార్తలు ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి చాలు. వాట్సాప్‌లో వచ్చిన ప్రతిదీ నమ్మవద్దు. నిజమని తెలియనిదే ఇతరులకు పంపవద్దు.
(ఈ) పిల్లల ముందు మరణాల లెక్కలు మాట్లాడవద్దు. వారు అడిగినదానికి మాత్రము ఉన్నది ఉన్నట్లు, వారి వయస్సుకు తగినట్లు చెప్పండి.

మాతృభాషలో చెప్పుకోవడము

మనము బజారులో మరాఠీ, కచేరీలో కన్నడము, బడిలో తమిళము లేక ఒడియా మాట్లాడగలము. కాని మన ముసలివారు దుఃఖము చెప్పుకొనేది తెలుగులోనే. "ఏమి బాగోలేదు?" అని పరభాషలో వైద్యుడు అడిగితే "తలనొప్పి" అని ఒక్క మాటతో సరిపెడతారు. "గుండె బరువెక్కింది, ఇంటిలో ఎవరూ పలకరించడము లేదు" అన్నది లోపలే ఉండిపోతుంది. కనుక పెద్దవారి వెంట ఆసుపత్రికి వెళ్ళే కొడుకు, కోడలు, మనుమరాలు తమ మాట చెప్పకుండా, పెద్దవారు చెప్పినది చెప్పినట్లే వైద్యునికి తెలియజేయాలి.

మిగిలిపోయిన దుఃఖము

ఆ దినాలలో అంత్యక్రియలకు 20 మందికి మించి కూడరాదని ప్రభుత్వము ఉత్తరువు ఇచ్చింది. కొందరు కన్నతల్లి ముఖము కడసారి చూడలేకపోయారు. భుజము పట్టినవారు లేరు, ఇల్లు నిండా కూర్చొని ఏడ్చినవారు లేరు. గోరుచుట్టుపై రోకటిపోటులా, ఆ నెలలోనే ఇంటి ఖర్చులకు తడుముకొనవలసి వచ్చింది. దుఃఖమునకు కూడా ఒక వేళ, ఒక చోటు కావాలి. అది దొరకని దుఃఖము ఏళ్లు గడిచినా కోపముగా, నిద్రలేమిగా, "నేను వెళ్ళి ఉండవలసినది" అనే నిందగా బయటపడుతుంది.

ఇట్టివారి కొరకు ఆలస్యమైనా చేయదగినది ఉన్నది. సంఘములో ఒక సాయంకాలము ఏర్పాటు చేసి, ఆ రెండు సంవత్సరాలలో గతించినవారి పేర్లు చదివి, వారిని గురించి కుటుంబమువారిని మాట్లాడనీయండి. "ఇప్పుడెందుకు ఆ పాత సంగతి?" అని ఎవరూ అనకుండా పెద్దలు చూడాలి.

వైద్యుని దగ్గరకు ఎప్పుడు?

దిగులు, భయము, నిద్ర పట్టకపోవడము, ఆకలి లేకపోవడము, ఇష్టమైన పనిమీద కూడా మనస్సు పోకపోవడము, ఇవి రెండు వారాలకు మించి దినదినము ఉండి, పని సాగనీయకపోతే అది వట్టి చింత కాదు, చికిత్స చేయవలసిన వ్యాధి. మధుమేహమునకు మందు వాడడము ఎలాటిదో ఇదీ అలాటిదే. కుంగుబాటు మందులు పనిచేయడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు దినాలు వాడి గుణము లేదని మానివేయరాదు. నిద్రమాత్రలు మందుల దుకాణములో అడిగి కొని వేసుకొనరాదు.

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన సర్వేలో, వ్యాధిని బట్టి నూటికి 70 నుండి 92 మందికి చికిత్స అందడము లేదని తేలింది. వైద్యము దూరమని అనుకొనవద్దు. 1980లలో అదే సంస్థ, తెలుగువారు ఎందరో ఉన్న బళ్ళారి జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకే ఈ చికిత్స నేర్పించి చూపింది. ఆ అనుభవము మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము ఆరంభమైనది. కనుక మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి. 2022 అక్టోబరు 10న ప్రభుత్వము టెలి మానస్ అనే ఫోను సేవను ప్రారంభించింది. సంఖ్య 14416. రాత్రింబగళ్లు ఉచితము. భాష ఎంచుకొనే వీలుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

రెండు సంగతులలో ఆలస్యము పనికిరాదు.

మొదటిది, త్రాగుడు. మన ఇళ్లలో లేదని కన్నులు మూసుకొనకూడదు. 2020 మార్చి ఆఖరున కల్లు, మద్యము దొరకక వణుకుతో, మతి చెదరి అనేకులు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి రావలసి వచ్చింది. ప్రతిదినము బాగా త్రాగేవాడు ఒక్కసారిగా మానితే ఒకటి రెండు దినాలలో వణుకు, చెమటలు, మూర్ఛ రావచ్చు. తరువాత లేనివి కనబడవచ్చు. ఇది ప్రాణాపాయము. గదిలో పెట్టి గడియ వేయవద్దు, ఆసుపత్రికి తీసుకొనిపోండి. మానడము మంచిదే, వైద్యుని సహాయముతో మానాలి.

రెండవది, "నేను లేకపోతే మీకు హాయి" వంటి మాటలు. వీటిని కొట్టివేయవద్దు. "చనిపోవాలని అనిపిస్తున్నదా?" అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు, మనస్సు విప్పడానికి దారి దొరుకుతుంది. ఆ మనిషిని ఒంటరిగా విడువక, పురుగుల మందు, మాత్రలు అందకుండా దాచి, వెంటనే 14416కు గాని 112కు గాని ఫోను చేయండి.

చర్చకు ప్రశ్నలు

1. లాక్‌డౌన్‌లో మీ ఇంటిలో అందరికంటె ఎక్కువ బరువు మోసినది ఎవరు? ఆ సంగతి వారితో ఎప్పుడైనా అన్నారా?
2. ఏలీయాకు ముందు ఏమి ఇవ్వబడినది? దిగులుతో ఉన్నవారి ఇంటికి వెళ్ళినప్పుడు మనము ముందుగా ఏమి చేస్తున్నాము?
3. ఆ రెండు సంవత్సరాలలో మన సంఘములో సరియైన వీడ్కోలు లేకుండా గతించినవారు ఎవరెవరు?
4. తెలుగు తప్ప వేరు భాష రాని పెద్దవారు మన సంఘములో ఎందరున్నారు? ఆసుపత్రికి వారి వెంట ఎవరు వెళ్తారు?

ఈ వారపు పని

సంఘ సభ్యుల పట్టిక తీసుకొని, ఒంటరిగా ఉన్నవారి పేర్లు గుర్తించండి. ఒక్కొక్కరు ఇద్దరిని చొప్పున పంచుకొని, వారానికి రెండుసార్లు ఫోను చేయండి. "ఎలా ఉన్నారు?" అని అడిగి ఊరుకొనక, "రాత్రి నిద్ర పట్టిందా? ఏమి తిన్నారు?" అని అడగండి. జవాబు పూర్తిగా విని, అవసరమైతే ఆ దినమే వెళ్ళి చూచి రండి. 14416 అనే సంఖ్యను పెద్ద అక్షరాలతో వ్రాసి మందిరపు ప్రకటనల బల్లమీద అంటించండి.