“పరిశోధనలు తేల్చినవి” అను మాట వెనుక

గత సంవత్సరపు తల్లిదండ్రుల సమావేశమునకు ఒక తండ్రి వార్తాపత్రిక ముక్క నొకదానిని మడిచి జేబులో పెట్టుకొని వచ్చిరి. ఆంగ్లము ధారాళముగా మాటలాడువారు ఆంగ్లము రానివారికంటె నూటికి 34 వంతులు అధికముగా సంపాదించుచున్నారని పరిశోధనలు తేల్చినట్లు అందు వ్రాసియున్నది. “అట్లయిన మన పిల్లలను తెలుగు బడిలో ఉంచుట యెందులకు, మాస్టారూ?” అని వారడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. తల్లిభాషపై ఉపన్యాసమొకటి వినిపించి వారిని పంపివేయుట సులభమే. కాని బిడ్డ బ్రతుకుతెరువును గూర్చి అడిగినవారికి అది సమాధానము కాదు. ఆ 34 అను అంకె ఎక్కడ పుట్టినది, దానిని ఎవరు తూచి అచ్చువేసిరి, అది చెప్పుచున్నదేమి, చెప్పనిదేమి అను సంగతులు ముందు తెలియవలెను.

కూలి, జీతము, ఉద్యోగము, నిరుద్యోగము, చదువువలన పెరుగు సంపాదన—వీనిని విచారించు శాస్త్రమునకు కార్మిక అర్థశాస్త్రమని పేరు. దానికి ప్రత్యేకముగా పత్రికలు కలవు. మన దేశమున భారత కార్మిక అర్థశాస్త్ర సంఘము 1957లో ఏర్పడినది. మరుసటి సంవత్సరమునుండి ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ లేబర్ ఎకనామిక్స్’ వెలువడుచున్నది. ఆ సంఘ స్థాపకులలో వరాహగిరి వేంకటగిరిగా రొకరు. నేటి ఒడిశాలోని బరంపురమున తెలుగు కుటుంబమున జన్మించి, కార్మికోద్యమమున పెరిగి, కేంద్ర కార్మికమంత్రియై, 1969లో రాష్ట్రపతి పదవి నలంకరించిన వారిని మన పాఠకులకు వేరుగా పరిచయము చేయనక్కరలేదు. అమెరికాలో ‘జర్నల్ ఆఫ్ లేబర్ ఎకనామిక్స్’ 1983లో ఆరంభమైనది. దానిని చికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించుచున్నది.

ఇట్టి పత్రిక మనము చదువు వారపత్రికవంటిది కాదు. వ్రాసినవారికి పారితోషికము లేదు. పైగా అనేక పత్రికలకు వ్యాసము పంపువారే రుసుము చెల్లించవలెను. వచ్చిన వ్యాసమును మొదట సంపాదకుడు చదువును. సంపాదకుడనగా ఆ శాస్త్రమున పేరుపొందిన ఆచార్యుడే. విషయము పత్రికకు తగినది కాదనియో, క్రొత్తదనము లేదనియో తోచినచో అక్కడనే త్రిప్పిపంపును. నిలిచినవానిని అదే విషయమున పరిశోధించు ఇద్దరు ముగ్గురు విద్వాంసులకు పంపును. వీరినే రిఫరీలందురు. వీరి పేర్లు వ్యాసకర్తకు తెలియవు. వీరు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు తీసికొని, లెక్కలను, తర్కమును పరిశీలించి, లోపములను వరుసగా వ్రాసి పంపుదురు. వానిని ముందుంచుకొని సంపాదకుడు తీర్పు చెప్పును. ఆ తీర్పు సాధారణముగా తిరస్కారమే. అదృష్టవంతులకు “సవరించి మరల పంపుడు” అను ఉత్తరము వచ్చును. అది అంగీకారము కాదు, మరియొక పరీక్షకు ఆహ్వానము మాత్రమే. పేరెన్నికగన్న పత్రికలలో నూరు వ్యాసములు వచ్చిన పది కూడ అచ్చుకెక్కవు.

పబ్లిక్ పరీక్షలలో జవాబు పత్రముపై పేరుండదు, సంఖ్యయే యుండును. అట్లే వ్యాసకర్త పేరును రిఫరీలకు దాచవలెనా అను వాదము ఈ పత్రికలలో చిరకాలముగా నున్నది. రెబెక్కా బ్లాంక్ అను కార్మిక అర్థశాస్త్రవేత్త 1987 మొదలు 1989 వరకు ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’ పత్రికలో దీనినే ప్రయోగముగా నడిపిరి. వచ్చిన వ్యాసములలో కొన్నింటికి, చీట్లు వేసినట్లు ఎంచి, కర్త పేరు తీసివేసిరి. తక్కినవానిని పేరుతోనే పంపిరి. 1991లో ఫలితము ప్రకటింపబడినది. పేరు తెలియనప్పుడు రిఫరీలు మరింత కఠినముగా విమర్శించిరి, అంగీకారములు తగ్గినవి. అనగా పండితులకు కూడ పేరు చూచిన కొంత మెత్తదనము కలుగునన్నమాట. అయినను, అంతర్జాలమున వెదకిన కర్త యెవరో క్షణములో తెలిసిపోవుచున్నదని, ఆ పత్రికను నడుపు సంఘమువారు 2011లో పేరు దాచు పద్ధతిని విడిచిపెట్టిరి.

కాలవిలంబము మరియొక సంగతి. గ్లెన్ ఎల్లిసన్ అను ఆచార్యుడు 2002లో ప్రకటించిన వ్యాసమున దీనిని లెక్కగట్టెను. 1970 ప్రాంతమున ప్రముఖ పత్రికలలో ఒక వ్యాసము ఆరు మొదలు తొమ్మిది నెలలలో పరీక్ష ముగించుకొనెడిది. ముప్పది యేండ్లలో అది ఇరువది, ముప్పది నెలలకు పెరిగినది. కావుననే అచ్చుకు ముందే వ్యాసములు చిత్తుప్రతులుగా చేతులు మారుచుండును, వార్తాపత్రికలు తరచుగా ఆ చిత్తులనుండియే అంకెల నెత్తికొనుచుండును.

రిఫరీ పరీక్షించునది ఏమి? దీనికి మనకు దగ్గరి విషయమే ఉదాహరణగా తీసికొందము. జాషువా ఆంగ్రిస్ట్, విక్టర్ లావీ అను వారిద్దరు 1997లో ‘జర్నల్ ఆఫ్ లేబర్ ఎకనామిక్స్’లో మొరాకో దేశపు బోధనాభాషను గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. 1983లో ఆ దేశ ప్రభుత్వము క్రొత్తగా ఆరవ తరగతిలో చేరువారికి బోధనాభాషను ఫ్రెంచినుండి అరబ్బీకి మార్చెను. ఆ మార్పునకు లోనైనవారి సంపాదనను, అంతకు ముందరి బాలుర సంపాదనను పోల్చి, మార్పు తరువాత చదువువలన కలుగు వేతనలాభము గణనీయముగా తగ్గినదని వారు చెప్పిరి. ఆ నష్టమునకు ముఖ్యకారణము ఫ్రెంచి వ్రాయు నేర్పు సన్నగిల్లుటయే అని వారి నిర్ణయము. తల్లిభాషను ప్రేమించు మనవంటివారికి ఇది చేదుమందు. అయినను దాచుట తగదు.

ఇట్టి వ్యాసము చేతికి వచ్చిన రిఫరీ అడుగవలసిన ప్రశ్నలను చూడుడు. తరువాతివారు వయస్సున చిన్నవారు గదా, వారి జీతము తక్కువగుటకు వయస్సే కారణము కాదా? అదే కాలమున దేశమున ఉద్యోగములు తగ్గలేదా? బోధనాభాషతోపాటు పాఠ్యప్రణాళిక గాని, ఉపాధ్యాయులు గాని మారలేదా? వీనిలో ప్రతిదానికి కర్త అంకెలతో బదులు చెప్పవలెను. పత్రిక కాపలాదారువలె నిలుచునది ఇక్కడనే. పాఠకుడు మాత్రము మరియొకటి గమనింపవలెను. 1983లో ఆరవ తరగతిలో చేరిన బాలుడు, వ్యాసము అచ్చయిన నాటికి ఇరువదియైదు, ఇరువదియారేండ్ల వాడు. అతని యావజ్జీవ సంపాదనను గూర్చి ఆ వ్యాసము చెప్పజాలదు. ఫ్రెంచి పాలన 1956లో ముగిసినను కచేరీలలోను కంపెనీలలోను ఆ భాషయే నడచుచున్న దేశపు కథ అది.

అచ్చుతో పరీక్ష ముగియదు. 1992 ఏప్రిలు 1న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రము గంటకు కనీసవేతనమును 4.25 డాలర్లనుండి 5.05 డాలర్లకు పెంచెను. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అను ఇద్దరు అచ్చటను, ప్రక్కనున్న పెన్సిల్వేనియాలోను 410 ఫలాహారశాలలను విచారించి, ఉద్యోగములు తగ్గలేదని 1994లో ప్రకటించిరి. కూలి పెంచిన పనులు పోవునను పాఠ్యగ్రంథపు మాటకు ఇది ఎదురు. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ అనువారు ఆ అంకెలను నమ్మక, జీతపు పట్టీలను సేకరించి, ఉద్యోగములు తగ్గినవనిరి. 2000లో ఒకే సంచికలో వారి ఆక్షేపణయు, మొదటివారి ప్రత్యుత్తరమును ప్రక్కప్రక్కనే వెలువడినవి. ప్రభుత్వపు రికార్డులతో మరల చూచినను పెద్ద నష్టము కనబడలేదని కార్డ్, క్రూగర్లు నిలిచిరి. వాదము నేటికిని పూర్తిగా చల్లారలేదు. 2021లో కార్డుకును, మొరాకో వ్యాసకర్తలలో నొకడైన ఆంగ్రిస్టుకును నోబెల్ బహుమానమున భాగము లభించినది. క్రూగర్ అప్పటికి రెండేండ్ల ముందే కాలధర్మము చెందెను.

ఆ కార్డ్, క్రూగర్లే 1995లో మరియొక రహస్యమును బయటపెట్టిరి. కనీసవేతనమును గూర్చిన పాత వ్యాసములను కలిపి చూడగా, స్పష్టమైన ఫలితమును చూపినవియే అచ్చులో మిగిలినట్లు, ఏమియు తేలనివి సొరుగులలో నిలిచిపోయినట్లు కానవచ్చినది. దీని దోషము కర్తదా, సంపాదకునిదా యని వేరుచేయుట కష్టము. “ఏమియు తేలలేదు” అను వ్యాసమును చదువుటకు మనకును ఓపిక తక్కువే.

ఇక ఆ తండ్రి తెచ్చిన అంకె. అది మెహతాబ్ ఆజమ్, ఎయిమీ చిన్, నిశీథ్ ప్రకాశ్ అనువారిది. 2005లో మన దేశమున జరిగిన కుటుంబముల సర్వేనుండి తీసినది. 2010లో చిత్తుగా వెలువడి, పరీక్షలు దాటి, 2013లో ఆర్థికాభివృద్ధి పత్రిక యొకదానిలో అచ్చయినది. అంకె నిజమైనదే. కాని అది పురుషులను గూర్చినది. కొంచెముగా మాత్రము ఆంగ్లము మాటలాడువారికి ఆ లాభము నూటికి 13 మాత్రమే. యువకులలో ఎక్కువ చదివినవారికే ఆంగ్లమువలన లాభము కనబడినది. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ వ్యాసము కొలిచినది ఆంగ్లము మాటలాడు శక్తిని. ఏ మాధ్యమమున చదివిరి అను దానిని కాదు. ఈ రెండింటి నడుమనున్న అగడ్తను వార్తాపత్రిక ఒక్క అడుగులో దాటివేసినది.

ఆ అగడ్తను గూర్చి దక్షిణాఫ్రికానుండి ఒక వ్యాసము కలదు. టేలర్, ఫాన్ ఫింటెల్ అనువారు 2016లో ప్రకటించిరి. పైపైన చూచిన, మొదటినుండి ఆంగ్లమున చెప్పు బడుల పిల్లలే ముందున్నట్లు కనబడుదురు. ఆ బడులు సామాన్యముగా కలిగినవారివి. ఒకే బడి తన బోధనాభాషను మార్చుకొన్నప్పుడు ఏమయినదని చూడగా లెక్క తలక్రిందులైనది. మొదటి మూడు తరగతులు తల్లిభాషలో చదివిన పిల్లలు నాలుగు, అయిదు, ఆరు తరగతులలో ఆంగ్లమును మెరుగుగా నేర్చిరి.

ఈ సారాంశమును రెండు పుటలలో తెలుగున వ్రాసి ఆ తండ్రికి ఇచ్చితిని. మొరాకో సంగతియు తప్పింపలేదు. వారమునకు వారు ఆ కాగితములను తిరిగి తెచ్చి, “ఆ దేశపు బడులలో నాలుగవ తరగతినుండి ఆంగ్లము చెప్పు మాస్టర్లకు ఆంగ్లము వచ్చునా?” అని అడిగిరి. రిఫరీ అడుగదగిన ప్రశ్న. మన బడి విషయమున దానికి బదులు చెప్పవలసినవారము మేమే గనుక, రాబోవు సమావేశమున మొదటి గంటను దానికే ఉంచితిమి.