ప్రశ్నకు చోటిచ్చిన ఊళ్లు

చిరంజీవి బుజ్జికి,


మొన్న ఫోన్లో మంచి ప్రశ్న అడిగావు. గెలీలియో అంతటివాణ్ణి శిక్షించిన కాలంలోనే ఐరోపాలో సైన్స్ అంత వేగంగా ఎలా ఎదిగిందని. రెండు ముక్కల్లో తేలేది కాదు గనుక తీరిగ్గా రాస్తున్నాను. పరిశోధనలో అడుగుపెడుతున్నదానివి, ఈ సంగతి నీకు తెలిసి ఉండాలి.

1633లో రోమ్‌లోని మత న్యాయస్థానం గెలీలియోను దోషి అంది. ఆ తర్వాత ఫ్లారెన్స్ దగ్గర ఆర్చెట్రిలో, సొంత ఇంట్లోనే ఆయన్ని బందీని చేశారు. ఆయన రాసినవి, రాయబోయేవి ఏవీ అచ్చు కాకూడదన్నారు. అయినా ఆయన కలం ఆగలేదు. వాలుపలక మీద దొర్లే గుండు ఎంతసేపట్లో ఎంత దూరం పోతుందో, బరువు ఎక్కువైతే దూలం ఎక్కడ విరుగుతుందో లెక్కలతో సహా రాశాడు. ఇటలీలో దాన్ని అచ్చువేసే దారి లేకపోయింది. హాలండ్ నుంచి వచ్చిన ఎల్జివిర్ అనే ప్రచురణకర్త ముందుకొచ్చాడు. 1638లో ‘రెండు కొత్త శాస్త్రాలు’ అనే ఆ పుస్తకం అక్కడి లైడెన్ నగరంలో వెలువడింది. అప్పటికి గెలీలియోకు చూపు పోయింది. తనకు తెలియకుండానే ఆ ప్రతి అచ్చుకు చేరిందన్నట్టుగా అంకితంలో రాసుకోవలసి వచ్చింది. నువ్వు బడిలో నేర్చుకున్న చలన సూత్రాలకు పునాది ఆ పుస్తకమే.

లైడెన్‌లోనే ఎందుకు వీలైంది? స్పెయిన్ రాజు మీద తిరగబడ్డ డచ్ రాష్ట్రాలు 1579లో ఉట్రెక్ట్‌లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. మత విశ్వాసం కారణంగా ఎవరినీ విచారించకూడదు, వేధించకూడదు అని అందులో రాసుకున్నాయి. పైగా ఏ ఊరి పాలన ఆ ఊరిదే. ఒక ఊళ్లో కాదన్న పుస్తకం పక్క ఊళ్లో అచ్చయ్యేది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన తత్వవేత్త డెకార్ట్ దాదాపు ఇరవై ఏళ్లు అక్కడే ఉండి రాసుకున్నాడు.

అలాగని అక్కడంతా సవ్యంగా ఉందనుకోకు. కేథలిక్కులు బాహాటంగా ప్రార్థన చేసుకోవడానికి వీల్లేదు. 1670లో తత్వవేత్త స్పినోజా తన పుస్తకాన్ని పేరు లేకుండా వేయించుకున్నాడు. దాన్నీ 1674లో నిషేధించారు. ఆ అరకొర సహనమే ఇంత ఫలితమిచ్చిందంటే, నిండు సహనం ఏం ఇవ్వగలదో ఆలోచించు.

అదే హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో లేవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడుండేవాడు. లాటిన్ రాదు, విశ్వవిద్యాలయం గడప తొక్కలేదు. మిరియానికి ఆ ఘాటు ఎందుకొస్తుందో చూద్దామని మిరియాలు నీళ్లలో నానబెట్టి, తాను అరగదీసుకున్న కటకంతో చూశాడు. ఆ నీటిలో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు కదులుతున్నాయి. శాస్త్రవేత్తల సంఘమైన లండన్ రాయల్ సొసైటీకి ఆ సంగతి రాశాడు. ఆయన అక్కడికి ఉత్తరాలు మొదలుపెట్టిన 1673లో ఇంగ్లండ్‌కీ హాలండ్‌కీ యుద్ధం నడుస్తోంది, గుర్తుంచుకో! సొసైటీ వాళ్లు వెంటనే నమ్మలేదు. ఆయన మతబోధకులతో సహా పలువురికి చూపించి సాక్ష్యపత్రాలు పంపాడు. 1677లో సొసైటీకి చెందిన రాబర్ట్ హుక్ తానే మిరియాల నీళ్లు తయారుచేసి, సభ్యుల ఎదుట నిజమని తేల్చాడు. 1680లో ఆ వర్తకుణ్ణి సభ్యుడిగా ఎన్నుకున్నారు.

మతం, రాజకీయం కలగలిసిన అంతర్యుద్ధం నుంచి అప్పుడే తేరుకున్న దేశం ఇంగ్లండ్. అందుకే ఆ సొసైటీలో ఏ చర్చివాళ్లయినా చేరవచ్చు, మత వివాదాలు మాత్రం సమావేశంలోకి తేకూడదు. నీ విశ్వాసం పంచుకోనివాడు కూడా చూసి ఔనన్నప్పుడే నీ మాట అందరి మాట అవుతుంది. సైన్స్‌కు సహనం చేసిన అతి పెద్ద మేలు ఇదే.

సహనం పోతే ఏమవుతుందో ఫ్రాన్స్ చూపించింది. 1685లో రాజు పద్నాలుగో లూయీ ప్రొటెస్టెంట్లకు అంతకుముందున్న హక్కులన్నీ రద్దు చేశాడు. లక్షలమంది దేశం విడిచిపోయారు. మనింటి ప్రెషర్ కుక్కర్‌కు మూలరూపాన్ని, దాని సేఫ్టీ వాల్వ్‌తో సహా తయారుచేసిన ప్రొటెస్టెంటైన డెనిస్ పపాఁ అప్పటికే బయట ఉన్నాడు, ఇక స్వదేశానికి తిరిగి రాలేకపోయాడు. ఆవిరితో ముషలకాన్ని కదిలించే నమూనాను 1690లో జర్మనీలో ఉండగా ప్రకటించాడు.

ఇదంతా చదివి మతమే సైన్స్‌కు శత్రువని తేల్చేయకు. గెలీలియో కడదాకా కేథలిక్కే. అడ్డు తగిలింది భక్తి కాదు, అందరూ ఒకేలా నమ్మాలన్న బలవంతం.

అందుకే నీకు చెప్పేది ఒకటే. నీ ఫలితాన్ని ముందుగా నీతో విభేదించేవాళ్ల చేతికివ్వు. రేపు నీకంటూ ఒక ల్యాబ్ ఏర్పడితే, వచ్చినవాళ్ల కులమతాలు, ప్రాంతం ఆరా తీయకు, చేతిలో పని చూడు. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు నీ లెక్క తప్పంటే కోప్పడకు, పక్కన కూర్చోబెట్టుకుని చేసి చూపించమను. ఎవరినైనా వాళ్ల నమ్మకం చూసి పక్కన పెడుతుంటే నువ్వు మౌనంగా ఉండిపోవద్దు. ఆ ఒక్కమాట చెప్పే ధైర్యం నీకు ఉండాలని నా కోరిక.

ఇట్లు,
నీ పెదనాన్న