పేరు – అక్షరం – ఆత్మగౌరవం
(కొరియా దేశపు పేర్ల కథ)

మనిషికి పుట్టగానే దక్కే మొదటి ఆస్తి పేరు. పొలం లేనివాడికి, ఇల్లు లేనివాడికి కూడా పేరు ఉంటుంది కదా అని మనం అనుకుంటాం. కానీ చరిత్ర చదివితే పేరు కూడా అందరికీ సమానంగా దక్కలేదని తెలుస్తుంది. ఈ సంగతి మాకు కొరియా దేశపు పేర్ల గురించి చదివినప్పుడు బాగా అర్థమైంది.

కొరియా ఎందుకు అని మీకు సందేహం రావచ్చు. పోయిన వార్షికోత్సవానికి మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు తమ్ముళ్లు ఫోన్‌లో కొరియా పాటలు, సీరియళ్లు చూస్తూ ఒక ప్రశ్న అడిగారు. "వీళ్లలో సగం మంది కిమ్‌లే ఉన్నారు, మిగతావాళ్లు లీలు, పార్క్‌లు. ఒకరిని ఒకరు ఎలా గుర్తుపడతారు?" అని. ఆ రోజు మాకు జవాబు తెలియలేదు. తర్వాత యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చొని చదివాం. చదివినదాన్ని ఈ వ్యాసంలో మీతో పంచుకుంటున్నాం.

ఇంటిపేరు ముందు, పేరు తర్వాత

కొరియా వాళ్లు కూడా మన తెలుగువాళ్లలాగే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాస్తారు. ఇంటిపేరు సాధారణంగా ఒకే అక్షరం. పేరు ఎక్కువగా రెండు అక్షరాలు. మొత్తం కలిపి మూడక్షరాల్లో మనిషి పేరు అయిపోతుంది.

మనకు వేల ఇంటిపేర్లు ఉన్నాయి. అక్కడ కొద్ది ఇంటిపేర్లే ఎక్కువమందికి ఉన్నాయి. 2015 దక్షిణ కొరియా జనాభా లెక్కల ప్రకారం ప్రతి 100 మందిలో 21 మందికి పైగా కిమ్‌లే. కిమ్, లీ, పార్క్ ఈ మూడూ కలిపితే 100కి దాదాపు 45 మంది. కాబట్టి మనిషిని మనిషి నుంచి వేరుచేసి చూపే పని అంతా ఆ మిగిలిన రెండక్షరాల మీదే పడుతుంది.

ఒకే శబ్దం – ఎన్నో అక్షరాలు

కొరియా వాళ్లకు రెండు లిపులు తెలుసు. ఒకటి చైనా నుంచి వచ్చిన లిపి. దాన్ని వాళ్లు హంజా అంటారు. రెండోది వాళ్ల సొంత లిపి హంగుల్. సెజోంగ్ అనే రాజు సామాన్య జనం సులువుగా చదవడం, రాయడం నేర్చుకోవాలని హంగుల్‌ను తయారుచేసి 1446లో ప్రకటించాడు. హంగుల్ మన తెలుగులాగే శబ్దాన్ని రాసే లిపి. హంజాలో ప్రతి అక్షరానికి శబ్దంతో పాటు అర్థం కూడా ఉంటుంది.

ఇది అర్థం కావాలంటే మన పదో తరగతి తెలుగు పేపర్లో వచ్చే నానార్థాలు గుర్తుతెచ్చుకోండి. 'హరి' అంటే విష్ణువు, సింహం, కోతి. మనం ఎలా రాసినా అది 'హరి'యే. ఒక్కో అర్థానికి ఒక్కో వేరే అక్షరం ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. హంజా అలాంటిదే. 'సు' అనే శబ్దానికి నీరు అనే అర్థం ఇచ్చే అక్షరం ఒకటి, దీర్ఘాయువు అనే అర్థానికి మరొకటి, మిగతావారిని మించినవాడు అనే అర్థానికి ఇంకొకటి. 'జీ' అంటే ఒక అక్షరంలో జ్ఞానం, మరొక అక్షరంలో సంకల్పం. 'మిన్' అంటే ఒకచోట ప్రజలు, ఇంకొకచోట చురుకుదనం. అంటే హంగుల్‌లో ఒకేలా కనిపించే ఇద్దరి పేర్లు హంజాలో రాస్తే పూర్తిగా వేరు కావచ్చు. అందుకే అక్కడ "మీ పేరులో ఏ సు?" అని అడగడం, "నీరు సు" అని అర్థంతో కలిపి చెప్పడం వాడుక.

దీనికి మంచి ఉదాహరణ 2024లో సాహిత్యానికి నోబెల్ బహుమతి పొందిన రచయిత్రి హాన్ కాంగ్. 'హాన్' ఆమె ఇంటిపేరు, 'కాంగ్' అంటే నది. రాజధాని సియోల్ నగరం మధ్యలో పారే నది పేరు కూడా హాన్ కాంగే. వింటే రెండూ ఒకటే. కానీ నది పేరులోని 'హాన్' అక్షరం వేరు, ఆమె ఇంటిపేరులోని 'హాన్' అక్షరం వేరు. కాగితం మీద హంజాలో చూస్తే తప్ప ఆ తేడా తెలియదు.

తరం అక్షరం

పాత కుటుంబాల్లో పేరులోని రెండక్షరాల్లో ఒకటి తల్లిదండ్రులు ఎంచుకునేది కాదు. అది వంశం ముందే నిర్ణయించింది. ఒక తరంలో పుట్టిన అన్నదమ్ములు, చిన్నాన్న పెదనాన్న పిల్లలు అందరికీ ఆ అక్షరం ఉమ్మడిగా ఉంటుంది. వంశవృక్షం రాసిన పుస్తకంలో ఈ అక్షరాల వరుస ఉంటుంది. పేరు వినగానే వంశంలో ఇతను మనకు కొడుకు వరుసా, తమ్ముడి వరుసా అని చెప్పేయవచ్చు.

ఈ వరుసకు చాలా వంశాల్లో ఒక సూత్రం ఉంది. చెట్టు, నిప్పు, మట్టి, లోహం, నీరు అని వాళ్లకు అయిదు మూలతత్వాలు. చెట్టు కాలితే నిప్పు, నిప్పు చల్లారితే మట్టి, మట్టిలోంచి లోహం, లోహం నుంచి నీరు, నీటితో మళ్లీ చెట్టు. ఒక తరం అక్షరంలో చెట్టు గుర్తు ఉంటే తర్వాతి తరం అక్షరంలో నిప్పు గుర్తు ఉండాలి.

మన చేతుల్లో ఉండే సామ్‌సంగ్ ఫోన్‌నే తీసుకుందాం. ఆ కంపెనీని 1938లో మొదలుపెట్టినవారు లీ బ్యుంగ్-చుల్. ఆయన పేరులోని 'బ్యుంగ్' అక్షరంలో పైరు గుర్తు ఉంది. పైరును చెట్టు వర్గంలో లెక్కిస్తారు. ఆయన కొడుకులు మేంగ్-హీ, చాంగ్-హీ, కున్-హీ. ఈ 'హీ' అక్షరం అడుగున నిప్పు గుర్తు ఉంటుంది. కున్-హీ కొడుకు జే-యోంగ్. 'జే' అక్షరంలో మట్టి గుర్తు ఉంటుంది. చెట్టు, నిప్పు, మట్టి! తాత పేరులో తరం అక్షరం ముందు వచ్చింది, కొడుకుల పేర్లలో వెనక్కి వెళ్లింది, మనవడి పేరులో మళ్లీ ముందుకు వచ్చింది. ఇలా మార్చి మార్చి పెట్టడం కూడా పద్ధతిలో భాగమే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. జే-యోంగ్ చెల్లెళ్ల పేర్లు బూ-జిన్, సో-హ్యున్. వాళ్ల పేర్లలో 'జే' లేదు. చాలా వంశాల్లో తరం అక్షరం మగపిల్లలకే ఇచ్చేవారు.

రాయి అనే అక్షరం

ఇదంతా చదువు, భూమి, వంశవృక్షం ఉన్నవాళ్ల సంగతి. మరి లేనివాళ్ల సంగతేమిటి?

పాత కొరియాలో బానిసలు ఉండేవారు. వాళ్లను నోబీలు అనేవారు. బానిస తల్లికి పుట్టిన బిడ్డ బానిసే. కొనేవారు, అమ్మేవారు, వారసులకు పంచి ఇచ్చేవారు. వాళ్లకు ఇంటిపేరు ఉండేది కాదు. రెండు మంచి అర్థాల హంజా అక్షరాలు ఏరి పేరు పెట్టే తీరిక ఎవరికీ లేదు. పిలవడానికి ఒక మాట చాలు. మగవాడైతే 'డోల్‌సే'. 'డోల్' అంటే రాయి, 'సే' అంటే ఇనుము. వాకిట్లో పనిచేసేవాడైతే 'మాదంగ్‌సే'. మాదంగ్ అంటే వాకిలి.

'డోల్' కొరియా పల్లె మాట. చైనా లిపిలో ఆ శబ్దానికి అక్షరం లేదు. కానీ బానిసల లెక్కల పుస్తకాలు హంజాలోనే రాయాలి. అందుకని కొరియా వాళ్లు ఒక కొత్త అక్షరాన్నే కల్పించారు. పైన రాయి అనే అర్థమిచ్చే అక్షరం, కింద 'ల్' శబ్దం కోసం మరొక అక్షరం. చైనాలో పుట్టని ఈ అక్షరం బీదవాళ్ల పేర్లు రాయడానికి పనికొచ్చింది.

పిల్లలకు చిన్నప్పుడు నీచమైన పేర్లు పెట్టే ఆచారం కూడా అక్కడ ఉండేది. 'గేత్తోంగ్' అని పిలిచేవారు. అంటే కుక్క పెంట. మంచి పేరు పెడితే దుష్టశక్తుల కన్ను పడుతుందని, పాడు పేరు పెడితే బిడ్డ బతుకుతుందని నమ్మకం. కలిగినవారి పిల్లలకు పెద్దయ్యాక మంచి హంజా పేరు వచ్చేది. లేనివారికి ఆ చిన్ననాటి పేరే చివరిదాకా మిగిలేది.

ఇది చదివినప్పుడు మాకు మన హాస్టల్ గుర్తొచ్చింది. మాతోపాటు చదివిన ఒక మిత్రుడి పేరు పెంటయ్య. రాత్రి హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు రాగానే హాలంతా నవ్వు. అతను తల వంచుకొని "ప్రెజెంట్ సార్" అనేవాడు. నవ్వినవాళ్లలో మేమూ ఉన్నాం. పదో తరగతి నామినల్ రోల్స్ పంపే ముందు పేరు మార్పించుకుంటానని ఇంటికి వెళ్లాడు. వాళ్లమ్మ చెప్పిందట, "నీకంటే ముందు ఇద్దరు పోయిండ్రు బిడ్డా. నువ్వన్నా దక్కాలని పెంట మీద పండబెట్టి తెచ్చుకున్నం" అని. అతను తిరిగొచ్చి, "ఉన్న పేరే రాయండి సార్" అన్నాడు. ఎక్కడి కొరియా, ఎక్కడి మన ఊరు! బిడ్డ బతకాలన్న తల్లి ఆరాటం రెండుచోట్లా ఒకటే.

కొరియాలో 1801లో ప్రభుత్వం తన కింద ఉన్న బానిసల్లో చాలామందిని విడిచిపెట్టి, వాళ్ల లెక్కల పుస్తకాలను తగలబెట్టింది. 1894లో బానిసత్వాన్ని పూర్తిగా రద్దు చేశారు. 1909లో కుటుంబ నమోదు చట్టం వచ్చాక అందరికీ ఇంటిపేరు రాయవలసి వచ్చింది. ఇంటిపేరు లేనివాళ్లు చాలామంది ఊళ్లో పేరున్న కిమ్, లీ వంటి ఇంటిపేర్లనే రాయించుకున్నారు. తమ్ముళ్లు అడిగిన ప్రశ్నకు ఇదొక జవాబు.

రాయి అక్షరం ఏమైంది? జపాన్ పెత్తనం మీద తిరగబడిన దళాల నాయకుల్లో షిన్ డోల్-సోక్ (1878–1908) ఒకడు. నాయకులంతా పెద్ద కులాల పండితులుగా ఉన్న కాలంలో ఆయన సామాన్యుల నుంచి వచ్చాడు. ఆయన పేరులో 'డోల్' రాయి, 'సోక్' కూడా రాయే. మన కాలానికి వస్తే, 2016లో ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో గో ఆట ఆడి అయిదింటిలో ఒక ఆట గెలిచిన ప్రపంచ ప్రసిద్ధ ఆటగాడు లీ సే-డోల్. ఆ చివరి అక్షరం అదే రాయి. పేరు మారలేదు. పేరును చూసే లోకం మారింది.

ఆడవాళ్ల పేర్లు

పాత కొరియాలో చాలామంది ఆడవాళ్లకు బయటికి చెప్పుకునే పేరే లేదు. పుట్టింటి ఊరి పేరుతోనో, పిల్లల పేరుతోనో పిలిచేవారు. 1909 నమోదులో చాలామందిని 'ఫలానా ఇంటిపేరు గల ఆడమనిషి' అని మాత్రమే రాశారు.

తర్వాత పేర్లు వచ్చాయి గాని, కొన్నింటి అర్థం వింటే బాధ కలుగుతుంది. 'మల్-జా' అంటే చివరి బిడ్డ, ఇక ఆడపిల్లలు చాలు అని. 'హు-నమ్' అంటే తర్వాత మగబిడ్డ. 'పిల్-నమ్' అంటే తప్పకుండా మగబిడ్డ. ఆడపిల్ల తన పేరులో తమ్ముడి కోసం మొక్కును మోస్తూ బతకాలి.

2005లో 'నా పేరు కిమ్ సామ్-సూన్' అనే టీవీ సీరియల్ అక్కడ ఎంతో పేరు తెచ్చుకుంది. 'సామ్' అంటే మూడు. మూడో కూతురు కాబట్టి ఆ పేరు. ఆ పాతకాలపు పేరు మార్చుకోవాలని ఆమె పడే తపన ఆ కథలో ఉంది. అదే ఏడాది నవంబరులో దక్షిణ కొరియా సుప్రీంకోర్టు, నేరం దాచడానికో చట్టం తప్పించుకోవడానికో కాకపోతే పేరు మార్పును సూత్రరీత్యా అనుమతించాలని తీర్పు చెప్పింది.

పేరు మీద పెత్తనం

పేరును బలవంతంగా మార్చిన కాలం కూడా ఉంది. జపాన్ పాలనలో 1940 ఫిబ్రవరి నుంచి ఆగస్టు వరకు కొరియన్లు జపాన్ పద్ధతి ఇంటిపేర్లు నమోదు చేసుకోవాలని ఒత్తిడి చేశారు. ఆరు నెలల్లో దాదాపు 80 శాతం కుటుంబాలు అలా చేయవలసి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1946లో పాత పేర్లు తిరిగి ఇచ్చారు.

1960ల తర్వాత కొందరు మరో అడుగు వేశారు. హంజా అక్షరాలే లేని అచ్చ కొరియా మాటలతో పేర్లు పెట్టడం మొదలుపెట్టారు. 'హనుల్' అంటే ఆకాశం, 'ఇసుల్' అంటే మంచుబిందువు, 'అరుమ్' అంటే అందం. ఈ పేర్లకు పండితుడు అక్కర్లేదు. అమ్మ నోటి మాట చాలు.

హంజా పేర్లు ఇప్పటికీ ఎక్కువమంది పెడుతున్నారు. అయితే ఇష్టం వచ్చిన అక్షరం పెట్టడానికి లేదు. ఎవరూ చదవలేని అక్షరాల వల్ల ఇబ్బంది అని 1991 నుంచి పేర్లకు పనికొచ్చే అక్షరాల పట్టిక అమలులో ఉంది. దాన్ని పెంచుతూ వచ్చారు. 2024లో ఆ పట్టిక 9,389 అక్షరాలకు చేరింది.

మనం తెలుసుకోవలసింది

మిత్రులారా! పేరు మార్చుకున్న సామ్-సూన్‌లదీ తప్పు కాదు, రాయి అక్షరాన్ని అలాగే ఉంచుకున్న వాళ్లదీ తప్పు కాదు. మా మిత్రుడు అదే పేరుతో ఈ మధ్యే డిగ్రీ పట్టా అందుకున్నాడు. ఉంచుకోవాలా మార్చుకోవాలా అనేది ఆ పేరు మోసేవాడు నిర్ణయించాలి. రిజిస్టరు రాసేవాడు కాదు, పక్కన కూర్చుని నవ్వేవాడు అంతకన్నా కాదు.

చివరగా తమ్ముళ్లకు రెండు మాటలు. పదో తరగతి నామినల్ రోల్స్ సంతకానికి వచ్చినప్పుడు మీ పేరు, ఇంటిపేరు, అమ్మానాన్నల పేర్లు అక్షరం అక్షరం చూసుకోండి. అక్కడ పడిన అక్షరాలే జీవితాంతం మన వెంట వస్తాయి. రెండోది, ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అమ్మను అడగండి. రేపు హాజరులో ఎవరి పేరు వినబడినా నవ్వకండి. ఆ పేరు వెనుక ఏ తల్లి మొక్కు ఉందో మనకు తెలియదు.