సబంగ్ చాప, నయా పటం

పలాస పక్క పల్లె నుంచి వచ్చి 1969లో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరాను. రిటైరయ్యాక హిజ్లీలో చిన్న ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయాం. బెంగాల్ లాంటి పల్లెటూళ్ల రాష్ట్రానికి చేతిపనితో కూడు, ఆ పనితో మంచి పేరు ఎలా వస్తాయో ఈ జిల్లాలో యాభై ఏళ్లకు పైగా చూస్తున్నాను. మా మనవలకు చెప్పేవే మీకూ రాస్తున్నాను.

1. కొలతతో వచ్చిన పేరు కొలతతోనే పోతుంది.

చాలాకాలం మా ఊరి గొప్ప మా ప్లాట్‌ఫారమే. 1072.5 మీటర్లు, ప్రపంచంలోకెల్లా పొడవైనదని పిల్లలు జనరల్ నాలెడ్జికి బట్టీ పట్టేవారు. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేసింది, తర్వాత హుబ్బళ్లి ఆ రెంటినీ దాటింది. మా ప్లాట్‌ఫారం అంగుళం తగ్గలేదు గానీ పేరు పోయింది. ఆ తర్వాత పేపర్లో మా ఊరు కనబడితే రైల్వే తుక్కు గొడవలు, వాటిలో మన తెలుగు పేర్లు. మా ఊరి నిమ్‌పుర, మథురాకాటి పేటల్లో చీకటితో లేచి డ్యూటీకి పోయిన వేలమంది గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

2. చెడ్డ జ్ఞాపకం ఉన్న చోటును కూడా నిలబెట్టవచ్చు.

మా హిజ్లీలో తెల్లవాళ్లు పెట్టిన నిర్బంధ శిబిరం ఉండేది. 1931 సెప్టెంబరు 16న అక్కడ పోలీసులు కాల్పులు జరిపితే సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు విడిచారు. 1951లో అదే భవనంలో దేశపు మొదటి ఐఐటీ పెట్టారు. జైలును పడగొట్టకుండా బడి చేశారు. అయితే ఆ పేరు గేటు దాటి పల్లెలకు రాలేదు. పల్లెలు తమ పేరు తామే తెచ్చుకున్నాయి.

3. వస్తువుతో పాటు మనిషి, పాట కూడా కనబడాలి.

బాలిచక్ స్టేషన్లో దిగి పింగ్లా వైపు వెళ్తే నయా అనే ఊరు వస్తుంది. అందరి ఇంటిపేరూ చిత్రకార్. వీళ్లు పటువాలు, అంటే పటం గీసి దాని కథ పాడేవాళ్లు. నమాజు చేసే కుటుంబాలు, గీసేది రామాయణం, మనసాదేవి కథ. మొదటిసారి వెళ్లినప్పుడు ఒకావిడ వరండాలో కూర్చుని 'చేపల పెళ్లి' పటం విప్పింది. పైనుంచి ఒక్కో గడి విప్పుతూ, వేలితో చూపిస్తూ పాడుతోంది. బాజాలు వాయించే చేపలు, పెళ్లివారి చేపలు, చివర నోరు తెరుచుకుని వాలుగ. పాట అయ్యాక రంగులు చూపించింది. నీలానికి శంఖుపుష్పం, పచ్చకు చిక్కుడాకు, పసుపురంగుకు పసుపుకొమ్ము, నలుపుకు దీపం మసి. మారేడుకాయ జిగురు వేసి కొబ్బరిచిప్పల్లో కలుపుతారు. కాగితం చిరగకుండా వెనక పాత చీరగుడ్డ అంటిస్తారు. ఆ పటం ఇప్పుడు మా హాల్లో ఉంది. ఎవరొచ్చినా ముందు దాని కథ చెప్పాకే కాఫీ.

ఒకప్పుడు మగవాళ్లు ఇంటింటికీ తిరిగి పాడి బియ్యం తెచ్చుకునేవారు. దుఖుశ్యామ్ చిత్రకార్ వంటి పెద్దలు ఆడవాళ్లకూ నేర్పాక పని ఊరంతటిదీ అయింది. 2010 నుంచి ఏటా చలికాలం మొదట్లో 'పట్ మాయా' అని మూడు రోజుల జాతర చేస్తున్నారు. మ్యూజియంలో కాకుండా వాళ్ల వాకిళ్లలోనే, కొనేవాడు వాళ్ల గుమ్మం దగ్గరకే రావాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. సునామీ, ఎయిడ్స్, కరోనా అన్నీ పటాలకెక్కాయి. టీ కెటిళ్ల మీద, గొడుగుల మీద, టీ షర్టుల మీద కూడా వేస్తున్నారు. పొట్ట గడవాలి, తప్పు పట్టను. కానీ కెటిల్ కొన్నవాడు పాట వినకుండానే వెళ్లిపోతాడు. పాట పోతే మిగిలేది బొమ్మల కాగితం.

4. ఊరి పేరు మింగేస్తే అది దొంగతనంతో సమానం.

ఈ తప్పు నేనే చేశాను. మా మేనకోడలి పెళ్లికి మా జిల్లాలోని సబంగ్ నుంచి చాపలు పట్టుకెళ్లాను. మాదుర్‌కాఠీ అనే గడ్డి పుల్లలతో నేస్తారు. మస్లంద్ రకం చాపకైతే పుల్లను చాకుతో, పళ్లతో సన్నగా చీల్చి నేస్తారు, ముట్టుకుంటే గుడ్డలా ఉంటుంది. పెళ్లిలో అందరూ "ఎక్కడిది మావయ్యా?" అని అడిగారు. "కలకత్తా చాప" అన్నాను. సబంగ్ అంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ ఏడే మా బంధువులబ్బాయి ఒక పెద్ద షాపులో అదే రకం చాప కొన్నాడు. అట్ట మీద షాపు పేరే ఉంది. చాప ధర మాత్రం నేను ఇచ్చినదానికి మూడింతలు. ఆ తేడాలో సబంగ్‌లో చాప నేసే ఆడవాళ్లకు దక్కింది ఏమీ లేదు. నేనూ ఆ షాపువాడూ చేసింది ఒకటే పని.

2018లో బెంగాల్ పటచిత్రానికి, మాదుర్‌కాఠీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చట్టం ఊరి పేరును కాపాడుతుంది. నోటితో చెప్పాల్సింది మనం.

5. బేరం ఆడేముందు ఎన్ని రోజులు పట్టిందో అడగండి.

అడిగాక నాకు నోరు రాలేదు.

6. మన ఇంట్లో ఉన్నదాన్నీ చూసుకోవాలి.

నయాలో కూర్చున్నప్పుడల్లా నాకు తెలంగాణలోని మన చేర్యాల గుర్తొస్తుంది. అక్కడా చుట్టగా చుట్టిన పటమే, గడి తర్వాత గడి, పక్కన కథ చెప్పేవాళ్లు. కాకిపడగలవారు ముదిరాజుల కథ పటం చూపిస్తూ చెప్పేవారు. గుడ్డకు చింతగింజల గంజి పట్టించి గీస్తారు. కానీ గీసే కుటుంబాలు ఇప్పుడు కొన్నే మిగిలాయి. నయా పటువాల్లా ఊరంతటికీ పని పాకనిస్తే, చేర్యాల వాకిళ్లలోనే ఏటా జాతర పెడితే ఎందుకు నిలవదు?

ఇక ఈ నేలకు మన బాకీ సంగతి. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషల్లో చోటిచ్చేందుకు ఒప్పుకుంది. మనం ఈ నేల అన్నం తిన్నాం, అది మన మాటకు గౌరవమిచ్చింది. దాని చేతిపనిని మన వాళ్లకు పరిచయం చేయడం మన వంతు.

సికింద్రాబాద్ నుంచి హౌరా పోయే ఫలక్‌నుమా ఖరగ్‌పూర్‌లో ఆగుతుంది. ఒక్కరోజు దిగండి. లోకల్ ఎక్కితే బాలిచక్ ఎంతో దూరం లేదు. పటం కొంటే వెనక గీసినావిడ పేరు రాయించుకోండి, ఇంటికెళ్లాక అడిగినవాళ్లకు ఆ పేరూ ఊరూ చెప్పండి.