ఒకటే యాప్, ఊరికో సబ్‌డొమైన్: కొన్ని చిట్కాలు

ఒకే కోడ్‌తో కడప బ్రాంచికో సైటు, వరంగల్ బ్రాంచికో సైటు నడిపే కోచింగ్ సెంటర్ అనుకోండి. లోగో వేరు, ఫీజులు వేరు. ఆ తేడాలు ఎక్కడ పెట్టాలన్నదే తలనొప్పి.

1. కోడ్‌లో "కడప అయితే ఇది, వరంగల్ అయితే అది" అని ఇఫ్‌లు పేర్చకండి. డేటాబేస్‌లో సబ్‌డొమైన్‌కో వరుస పెట్టండి. అందరికీ ఒకటే అయినవి విడిగా ఉంచి, వరుసలో తేడాలే రాయండి. పేమెంట్ కీలు మాత్రం అందులో మామూలు అక్షరాల్లో వద్దు.

2. రిక్వెస్టు ఏ బ్రాంచిదో హోస్ట్ హెడర్ చూసి మిడిల్‌వేర్‌లోనే తేల్చేయండి. మీ డొమైన్ చివర కో.ఇన్ ఉంటే రైల్స్‌లో టీఎల్‌డీ లెంగ్త్‌ను 1 నుంచి 2కి మార్చాలి. లేకుంటే 'కడప' అని రావాల్సినచోట 'కడప.ఎగ్జాంపుల్' అని వస్తుంది.

3. తెలియని పేరు వస్తే 404 చూపించండి, అంతే. పోనీలే అని మొదటి వరుస ఇచ్చేస్తే, స్పెల్లింగ్ తప్పు కొట్టినాయనకు వేరే బ్రాంచి ఫీజుల పట్టిక కనిపిస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ తీరూ ఇదే: డీఫాల్ట్ ఏదో మీరు చెప్పకపోతే, పేరు కలవని రిక్వెస్టును మొదటి సర్వర్ బ్లాకుకు అప్పజెబుతుంది.

4. ఏపీఐ, అడ్మిన్, మెయిల్ లాంటి పేర్లు బ్రాంచీలకు ఇవ్వకండి.

5. అసలు తంటా బ్యాక్‌గ్రౌండ్ జాబులతో. రాత్రి ఫీజు రిమైండర్లు పంపే జాబుకు హోస్ట్ హెడరెక్కడిది? క్యూలో వేసేటప్పుడే బ్రాంచి ఐడీ ఇచ్చి పంపండి. ఒక జాబు అయ్యాక ఆ ఐడీని వర్కర్ మెమరీలోంచి చెరిపేయండి కూడా. చెరపకపోతే అది తర్వాతి జాబుకు అంటుకుని, కడప తల్లిదండ్రుల ఫోన్లకు వరంగల్ లింకులు వెళ్లొచ్చు. క్యాష్ కీలోనూ బ్రాంచి ఐడీ ఉండాల్సిందే.

6. లాగిన్ కుకీకి డొమైన్ రాశారంటే అది అన్ని సబ్‌డొమైన్లకూ పోతుంది. రాయకపోతే ఇచ్చిన హోస్టు దగ్గరే ఉంటుంది. బ్రాంచీల లాగిన్లు వేరువేరు అయితే రాయకపోవడమే మేలు.

7. వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ ఒక్క మెట్టు వరకే. కడప.ఎగ్జాంపుల్.కామ్‌కు పనికొస్తుంది, టెస్ట్.కడప.ఎగ్జాంపుల్.కామ్‌కు పనికిరాదు.

8. మీ కంప్యూటర్‌లో పరీక్షించాలా? హోస్ట్స్ ఫైల్లో నక్షత్రం గుర్తు పనిచేయదు. క్రోమ్‌లో కడప.లోకల్‌హోస్ట్ అని కొట్టండి, నేరుగా మీ మెషీన్‌కే వెళ్తుంది.

9. బ్రాంచి మూసేస్తే డేటాబేస్ వరుసతో పాటు డీఎన్ఎస్ రికార్డునూ ఆ రోజే తీసేయండి. అది మీరు వదిలేసిన బయటి సర్వీసు వైపు చూపిస్తూ ఉండిపోతే, అక్కడ ఆ పేరు దక్కించుకున్నవాడు మీ డొమైన్ మీదే తన పేజీ పెట్టగలడు.