‘కావలెను’ ప్రకటనల్లో వ్యాకరణం



చదువు ముగించి ఉద్యోగాల వేటలో పడిన మేము పత్రికల్లోని ‘కావలెను’ ప్రకటనలు, బస్టాండు గోడల మీది కాగితాలు రోజూ చదువుతున్నాం. వాటిలో దోషాలు కొల్లలు. కొన్ని నవ్వించేవి, కొన్ని మన జేబుకు చిల్లు పెట్టేవి.

మొదట అక్షర దోషాలు చూద్దాం.

‘సేల్స్ బాయ్స్ కావలేను’ అని రాస్తారు. ‘కావలెను’ అంటే ‘కావాలి’. ‘లె’ను ‘లే’గా సాగదీస్తే ‘రాలేను, పోలేను’ లాగా చేతకాదనే అర్థం ధ్వనిస్తుంది.

‘అనుభవఘ్నులు’ అని రాస్తారు. ‘జ్ఞ’ అంటే తెలిసినవాడు, ‘ఘ్న’ అంటే నాశనం చేసేవాడు. కృతజ్ఞుడు, కృతఘ్నుడు పాఠం గుర్తుంది కదా! ‘అనుభవజ్ఞులు’ అనేదే సరైనది.

‘ధరఖాస్తు’ తప్పు. పారశీకం నుండి వచ్చిన ఈ మాటలో ‘ద’కు ఒత్తు లేదు. ‘దరఖాస్తు’ అనాలి. ఉద్యోగ + అవకాశాలు సవర్ణదీర్ఘ సంధి కనుక ‘ఉద్యోగావకాశాలు’ అవుతుంది, ‘ఉద్యోగవకాశాలు’ కాదు.

వాడుక భాషలో రాయడం మాత్రం తప్పు కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడింది దానికోసమే. ‘కావలెను’ బదులు ‘కావాలి’ అన్నా ఒప్పే.

ఇక వాక్య దోషాలు. అసలు నష్టం వీటితోనే.

‘అనుభవం గల డ్రైవర్లు, క్లీనర్లు కావలెను.’ అనుభవం డ్రైవర్లకేనా, క్లీనర్లకు కూడానా? కొత్త కుర్రాడు ఛార్జీలు పెట్టుకొని వెళ్లి ఉత్త చేతులతో తిరిగి రావచ్చు. ‘క్లీనర్లు, అనుభవం గల డ్రైవర్లు కావలెను’ అని మాటల వరుస మారిస్తే సందేహం తీరుతుంది.

‘జీతం 10,000 వరకు.’ ‘వరకు’ పై హద్దు మాత్రమే చెబుతుంది. 4,000 ఇచ్చినా ఆ వాక్యం అబద్ధం కాదు. ‘10,000 నుండి’ అంటే అంతకు తగ్గకూడదు.

‘శిక్షణ తరువాత ఉద్యోగం ఇవ్వబడును. ఫీజు వాపసు ఇవ్వబడదు.’ ఇవి కర్మణి వాక్యాలు. ఇచ్చేదెవరు? ఎప్పుడు? కర్త కనిపించని వాక్యాన్ని నమ్మి ఇంటి దగ్గర అప్పు చేసి ఫీజు కట్టకండి. ముందు కర్త పేరు, చిరునామా అడగండి. చెప్పినది కాగితం మీద రాసిమ్మనండి.

ప్రకటనలో పది తప్పులున్నా అడిగేవారు లేరు. మన దరఖాస్తులో ఒక్క తప్పుంటే పక్కన పడేస్తారు. ఇది న్యాయం కాదు. అయినా మన జాగ్రత్త మనకుండాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆదివారం స్టడీ అవర్‌లో పాత పత్రికల నుండి తలా ఒక ప్రకటన కత్తిరించి, బోర్డు మీద రాసి దిద్దండి. ప్రతిదానికీ మూడు ప్రశ్నలు వేయండి: అర్హత ఎవరికి? జీతం ఎంత నుండి? ఇచ్చేది ఎవరు? పరీక్షలో మార్కులూ వస్తాయి, రేపు మోసపోకుండానూ ఉంటారు.